నుసి దారి, బెల్లం దారి

మా సంఘంలో జబ్బు నయమైనవాళ్ళు ఆదివారం ఆరాధన చివర్లో లేచి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. ఈస్టరు దాటిన రెండో ఆదివారం పాస్టరుగారు నా పేరు పిలిచారు. లేచి మైకు పట్టుకున్నాను. "ప్రియమైన సహోదరులారా" అన్నానో లేదో దగ్గు అందుకుంది. నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ దగ్గు. మూడోసారికి మా ఆవిడ సువార్త ఆడవాళ్ళ వైపు నుంచి కూర్చోమని చెయ్యి ఊపింది. కూర్చున్నాను. చేతికి దగ్గు రాదు కదా, అందుకని మిగతాది రాస్తున్నాను.

అసలు రూలు ప్రకారం చూస్తే నాకు సాక్ష్యం చెప్పే అర్హత లేదు. నా జబ్బు నయం కాలేదు, నయమయ్యేదీ కాదు. కానీ నిరుడు ఈ రోజులకి గుమ్మం నుంచి పెరటి కుళాయి దాకా వెళ్ళడానికి రెండుచోట్ల ఆగిన మనిషిని, ఇప్పుడు చర్చి దాకా ఆగకుండా నడుస్తున్నాను. చెడ్డ రోజులు దాటాయనే అనుకుంటున్నాను. నాలాంటి పని చేసేవాళ్ళు ఇది చదివితే చాలు, అర్హత సంగతి తర్వాత చూసుకుందాం.

నా పేరు ప్రకాశరావు. తాడేపల్లిగూడెం దగ్గర పెంటపాడు వైపు మా ఊరు. టైల్సు, గ్రానైటు మేస్త్రిని. ఇరవై ఏళ్ళకి పైగా గూడెంలోనూ ఏలూరులోనూ గచ్చులు, మెట్లు, వంటగది గట్లు వేశాను. నేను వేసిన గచ్చు మీద గోలీ పెడితే ఎటూ దొర్లదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు అనను, గొప్ప కోసమే చెబుతున్నాను.

నా ముఠాలో ఆరుగురు. అందులో యేసుబాబు మా ఆవిడ తమ్ముడు. వాళ్ళది కొల్లేటి ఒడ్డున ఉన్న ఊరు. చేపల చెరువుల మీద పని చేసేవాడు. చెరువుల గొడవల్లో అధికారులు గట్లు కొట్టించేసి పని పోయినప్పుడు మా అత్తగారు అతని చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టి, "అల్లుడుగారూ, ఇక వీడి భారం మీదే" అన్నారు. అలా నీళ్ళలో పెరిగినవాణ్ణి దుమ్ములోకి తెచ్చుకున్నాను. మాకు పిల్లలు లేరు. సువార్తకి తమ్ముడైనా కొడుకైనా వాడే, నాకూ అంతే. ఇప్పుడు ముప్పై దాటాడు, పెళ్ళయింది, ఒక పాప. చేతిలో పనితనం నాకంటే ఎక్కువ. ఆ మాట వాడి ముందు ఎప్పుడూ అనలేదు.

ముందటేడు, సార్వా నాట్లప్పుడు

మొదట తెలిసింది పాటలో. సంఘంలో పాట ఎత్తుకునేది నేనే. పెద్ద చరణం ఒక్క గుక్కలో లాగేసి, వెనకవాళ్ళు అందుకోలేక తడబడుతుంటే లోలోపల సంతోషించే అలవాటు కూడా ఉంది, దేవుడు క్షమించాలి. ఆ వానాకాలం ఒక ఆదివారం చరణం సగంలోనే ఊపిరి అయిపోయింది. హార్మోనియం వాయించే మాస్టారి మీద విసుక్కున్నాను, శ్రుతి ఎక్కువ పెట్టారని. పై ఆదివారం తగ్గించి పెట్టారు. అప్పుడూ అందలేదు. వయసు మీద పడుతోందిలే అని సరిపెట్టుకున్నాను.

అప్పట్లో ఏలూరులో అయిదంతస్తుల అపార్టుమెంటులో పని. నాలుగో అంతస్తుకి ఎక్కడానికి రెండుచోట్ల ఆగేవాణ్ణి. ఊరికే ఆగితే పరువు తక్కువ కాబట్టి, మెట్ల పక్కన అతికించిన పలకలు సరిగ్గా ఉన్నాయో లేదో వేలితో తట్టి చూస్తున్నట్టు నటించేవాణ్ణి. వెనకాల వచ్చే యేసుబాబు, "బావా, ఈ పలకని నిన్న కూడా తట్టారండీ" అనేవాడు.

రాయిని నీళ్ళు పోస్తూ కొయ్యాలని మాకు తెలియక కాదు. నీళ్ళు పోస్తే పెన్సిలు గీత చెరిగిపోతుంది. గది అంతా బురదవుతుంది. పైగా చేతిలో తిరుగుతున్నది కరెంటు మిషను, నీళ్ళంటే షాకు భయం. అందుకని పొడిగానే కోసేవాళ్ళం. కింద ఫ్లాట్లలో అప్పటికే జనం దిగిపోయారు. దుమ్ము వస్తోందని వాళ్ళు పోట్లాడుతున్నారు కాబట్టి తలుపులూ కిటికీలూ మూసుకుని మరీ కోసేవాళ్ళం. వాళ్ళ సోఫాల మీద పడకూడదనుకున్న నుసి అంతా మేం పీల్చుకున్నాం. తువ్వాలు ముక్కుకి కట్టుకుంటే చాలని మా నమ్మకం.

ఒకసారి తనిఖీకి ఎవరో వస్తున్నారని సైటు ఇంజనీరుగారు ఒక అట్టపెట్టె నిండా మాస్కులు, హెల్మెట్లు పంపారు. ఆ రోజంతా పెట్టుకున్నాం, ఫొటోలు తీశారు. మర్నాటి నుంచి హెల్మెట్లు బజారు నుంచి జామకాయలు తెచ్చుకోవడానికీ, మాస్కులు పలకల మధ్య పెట్టే ప్లాస్టిక్ ముక్కలు పోసుకోవడానికీ బాగా పనికొచ్చాయి.

అలాగని నా మనుషుల గురించి నాకు పట్టదనుకోకండి. పట్టేది, చాలా పట్టేది. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. సాయంత్రం మిషను ఆపి చేతులు కడుక్కున్నాక ప్రతి మనిషీ ఒక బెల్లం ముక్క తినాలి. పొద్దున్నించీ పీల్చిన దుమ్మునంతా బెల్లం లాక్కుని కిందికి దింపేస్తుందని నాకు పని నేర్పిన మేస్త్రి చెప్పాడు, ఆయనకి ఆయన గురువు చెప్పాడు. మిగతా మేస్త్రులు చిటికెడు చేతిలో పెట్టి తినరా అంటారు. నేనలా కాదు. మంచి నల్లబెల్లం, నిమ్మకాయంత ముక్క, తోడు ఒక అరటిపండు. వరసలో నిలబెట్టి నా చేత్తో పెట్టి, ఎదురుగా తినేదాకా కదలనిచ్చేవాణ్ణి కాదు. తీపి గిట్టదని ఎవడైనా గొణిగితే తిట్టేవాణ్ణి. "మీ ఇంటి దగ్గర మీకోసం చూసేవాళ్ళు ఉన్నార్రా" అనేవాణ్ణి. ఆ మాట మనస్ఫూర్తిగానే అనేవాణ్ణి.

ఆ క్రిస్మస్ నుంచి నిరుటి వేసవి దాకా

డిసెంబరులో జ్వరాలు మొదలయ్యాయి. చొక్కా వదులైంది. ఊళ్ళో డాక్టరు ఇచ్చిన సీసాలన్నీ అయిపోయాక పెద్ద ఆసుపత్రికి వెళ్తే, ఛాతీ ఫొటో చూసి టీబీ కావచ్చన్నారు. కఫంలో పురుగు కనబడలేదు గానీ ఫొటో అలాగే ఉందట. ఆరు నెలల మాత్రలు మొదలుపెట్టారు.

టీబీ అనే మాట ఊళ్ళోకి నాకంటే ముందే చేరింది. పక్కింటివాళ్ళు అరుగు మీద కూర్చోవడం మానేశారు. యేసుబాబు భార్య పాపని తీసుకురావడం తగ్గించింది. తప్పు పట్టను, తల్లి కదా. నా కంచం, గ్లాసు వేరే పెట్టమని సువార్తకి అందరూ చెప్పారు. ఆవిడ సరేనని వేరే కంచం, వేరే గ్లాసు కొనుక్కొచ్చింది. నేను మందు వేసుకుని గ్లాసు కింద పెట్టగానే మిగిలిన నీళ్ళు తనే తాగేది. "ఏమే, నీకేమైనా బుద్ధి ఉందా" అంటే, "మీకున్నది నాకు రాకుండా ఎలా ఉంటదండీ, ఇన్నేళ్ళ కాపురం" అనేది. అలా చేయకూడదని నాకు తెలుసు, మీరెవరూ చేయకండి. కానీ ఆ నీళ్ళు ఆవిడ తాగిన ప్రతిసారీ నాకు బతకాలనిపించేది.

మాత్రలతో ఆకలి పోయింది, దగ్గు మాత్రం పోలేదు. వేసవికి మరీ దిగజారిపోయాను. పడుకుంటే ఆయాసం. దిండ్లు ఎత్తు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేవాణ్ణి. మనిషికి ఊపిరి అందకపోతే కలిగే భయం ఎలాంటిదో నాకు చెప్పడం రాదు. చిన్నప్పుడు కాలవలో మునిగి ఒకసారి నీళ్ళు మింగాను. అలాంటిదే, కాకపోతే ఒడ్డు మీదే కూర్చుని మునిగిపోవడం.

ముఠాని అప్పుడు యేసుబాబే నడిపించాడు. ప్రతి శనివారం సాయంత్రం ఒక పొట్లం తెచ్చేవాడు. అందులో ఆరు బెల్లం ముక్కలు. సోమవారం నుంచి రోజూ నా వంతు తీసి పక్కన పెట్టేవాళ్ళట మా వాళ్ళు. "మేస్త్రిగారిది మేస్త్రిగారికి పోవాల్సిందే అని మనోళ్ళ పట్టుదల బావా" అన్నాడు. నేను కళ్ళు తుడుచుకుని, వారమంతా పొద్దుకొకటి చొప్పున తిన్నాను. ఒక్క ముక్క కూడా వదల్లేదు. అప్పటికే యేసుబాబు మాటల మధ్యలో గొంతు సవరించుకోవడం విన్నాను. విని, వాడు కూడా నాలాగే రోజూ బెల్లం తింటున్నాడులే, వాడికేం ఫరవాలేదు అనుకున్నాను.

నిరుడు, వానలు పడ్డాక

ఆసుపత్రిలో ఛాతీ డాక్టరు గది ముందు రెండు బల్లలుంటాయి. ఆ బల్లల మీద నేను గడిపిన పూటలు కలిపితే ఒక ఫ్లాటు గచ్చు పూర్తయ్యేది. అక్కడ వెళ్ళినప్పుడల్లా కనిపించే ఒక ముస్లిం ఆవిడ ఉండేది, మస్తాన్‌బీ గారు. ఏలూరులో పరుపులు కుట్టే భర్తని చూపించడానికి వచ్చేది. నేను ఆయాసపడుతుంటే, "అన్నయ్యగారూ, మీరిలా ఫ్యాను కిందికి రండి, మా ఆయనకి గోడ వైపు అలవాటే" అని జరిగి చోటిచ్చేది. ఫ్లాస్కులో టీ మూతలో పోసి మా ఆవిడకి కూడా ఇచ్చేది. మాత్రలన్నీ మింగినా తగ్గలేదని విని ఆవిడే చెప్పింది. "శుక్రవారం ఒక డాక్టరమ్మ వత్తారండీ. ఆవిడ ఫొటో చూడకముందే ఏం పని చేత్తారని అడుగుతారు. మా ఆయనకి దూది దుమ్మని ఆవిడే కనిపెట్టారు. ఒకసారి చూపించుకోండి."

శుక్రవారం వెళ్ళాం. డాక్టరమ్మగారు నిజంగానే ముందు అదే అడిగారు. అప్పటిదాకా ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"టైల్సు, గ్రానైటు పనండి" అన్నాను.

"కోసేది మీరేనా? నీళ్ళతోనా, పొడిగానా?"

"పొడిగానేనండి. కానీ మేం జాగ్రత్తగానే ఉంటామండి. రోజూ సాయంత్రం అందరం తప్పకుండా బెల్లం తింటాం. నేనే దగ్గరుండి తినిపిస్తాను."

మెచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ చీటీ వెనక్కి తిప్పి ఒక గొంతు బొమ్మ గీశారు. గొంతు దగ్గర నుంచి రెండు గొట్టాలు.

"ఇది అన్నం వెళ్ళే దారి. మీ బెల్లం ఇలా కడుపులోకి వెళ్తుంది. ఇది గాలి వెళ్ళే దారి. నుసి ఇలా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. వెళ్ళి అక్కడే ఉండిపోతుంది. గొంతు దిగాక ఈ రెండు దారులూ ఎక్కడా కలవవు మేస్త్రిగారూ."

నేను ఆ బొమ్మ వంకే చూస్తున్నాను. పనివాణ్ణి కదా, గీత చూస్తే అర్థమవుతుంది. ఇంత తేలికైన సంగతి ఇరవై ఏళ్ళలో నాకెందుకు తట్టలేదని సిగ్గేసింది. ఆవిడ తిట్టలేదు. రాతి నుసి వల్ల వచ్చే జబ్బని, పేరు సిలికోసిస్ అని, లోపల గట్టిపడింది మళ్ళీ మెత్తబడదని, కానీ ఇంకొంచెం కూడా పీల్చకపోతే నెమ్మదిగా ఉండే అవకాశం ఉందని చెప్పారు. ఇక సైటులో కాలు పెట్టొద్దన్నారు. పీల్చే మందు ఇచ్చారు. పెదాలు ముడిచి, ఈల వేసినట్టు నెమ్మదిగా ఊపిరి వదలడం నేర్పారు. ఇంటికొచ్చి అది చేస్తుంటే సువార్త, "ఈ వయసులో ఎవరికండీ ఈలలు" అని నవ్వింది. చాలా నెలల తర్వాత మా ఇంట్లో నవ్వు వినబడింది.

లేచి వచ్చేస్తుంటే డాక్టరమ్మగారు ఇంకో మాట అడిగారు. "మీతో పాటు ఆ గదిలో ఎవరెవరు పని చేశారు?"

సువార్త మందుల వరసలో నిలబడడానికి అప్పటికే బయటికి వెళ్ళింది. ఆ ప్రశ్న ఆవిడ వినలేదు. నేనూ చెప్పలేదు. నాకు నా జబ్బు మీద భయం ఆ క్షణంలోనే పోయింది. దాని స్థానంలో వేరే భయం వచ్చి కూర్చుంది. యేసుబాబు చెయ్యి నా చేతిలో పెట్టిన మా అత్తగారు గుర్తొచ్చారు.

సార్వా కోతల ముందు

కొంచెం తేరుకోగానే డాక్టరమ్మ వద్దన్న సైటుకే వెళ్ళాను. కొయ్యనుగా, గీతలు గీసిస్తాను అంతే అని ఇంట్లో చెప్పాను. అసలు సంగతి వేరు. ఇంజనీరుగారిని కలిసి నీళ్ళ పైపున్న మిషన్లు, సరైన మాస్కులు ఇప్పించమని అడగాలి. అడిగాను. ఆయన మంచాయనే, నా ఆరోగ్యం అడిగి కుర్చీ వేయించారు. తర్వాత బీరువాలోంచి మా ఒప్పందం కాగితం తీశారు.

"ఇది చదివారా మేస్త్రిగారూ?"

"సంతకం పెట్టానండి."

"చదివారా అని అడుగుతున్నాను."

ఆయనే పైకి చదివారు. పనివాళ్ళ భద్రత, ఆరోగ్యం, అందుకు కావాల్సిన సామాను మొత్తం ముఠా మేస్త్రి బాధ్యత అని రాసుంది. కింద నా సంతకం, గుండ్రంగా, అందంగా ఉంది. పదో తరగతిలో దస్తూరికి బహుమతి వచ్చిన సంతకం.

"ఇలా రాయించుకున్నంత మాత్రాన మా మీద బాధ్యత లేకుండా పోదండీ" అన్నారాయన గొంతు తగ్గించి. "కట్టించేవాళ్ళకి చట్టంలో వేరే బాధ్యత ఉంది. తలుపులు మూసి కోస్తుంటే నేను కూడా చూశాను, ఫిర్యాదులు రావట్లేదు కదా అని ఊరుకున్నాను. పైవాళ్ళతో మాట్లాడతాను. కొన్నాళ్ళు పట్టుద్ది."

సాయంత్రమైంది. పైకి వెళ్ళేసరికి మిషను ఆపి అందరూ వరసలో నిలబడి ఉన్నారు. యేసుబాబు బెల్లం పంచుతున్నాడు. నన్ను చూడగానే అందరి ముఖాలూ వెలిగాయి. వాడు పెద్ద ముక్క ఏరి నా చేతిలో పెట్టబోయాడు. నా చెయ్యి ముందుకి రాలేదు.

అక్కడే చెప్పేశాను. జేబులోంచి డాక్టరమ్మ బొమ్మ తీసి, గ్రానైటు పలక మీద పెన్సిలుతో పెద్దదిగా గీసి చూపించాను. రెండు గొట్టాలు, ఎక్కడా కలవవు. "ఇన్నేళ్ళూ మీకు తినిపించిందంతా ఉత్తదేరా. నేనే చెప్పాను మీకు, నాదే తప్పు" అన్నాను. అందరూ పలక మీద గీత వంకే చూశారు. చివరికి యేసుబాబే నవ్వాడు.

"పోనీలెండి బావా, నోరైనా తీపైంది."

ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. గోడ పట్టుకుని దగ్గాడు. అచ్చం నా దగ్గే. చేత్తో వీపు రాస్తూ, రేపే ఫొటో తీయించుకుందాం పదరా అన్నాను.

"నేను రాను" అన్నాడు. "తీయిత్తే ఉన్నది బయటపడుద్ది. తీయించకపోతే దగ్గే కదా. పాప బళ్ళో చేరింది బావా. నన్నిప్పుడు పని మానెయ్యమంటే ఎలాగండీ?"

బతిమాలాను, తిట్టాను. బావమరిది వరస తీసి ఎగతాళి చేశాను. వాడు మాట వినలేదు. మిగతావాళ్ళు వాడి వంక చూసి తలలు దించుకున్నారు. మేస్త్రి తర్వాత మేస్త్రి వాడే మరి.

ఇంటికి వెళ్ళి సువార్తకి మొత్తం చెప్పాను. బెల్లం, సంతకం, వాడి దగ్గు, వానల్లోనే డాక్టరమ్మ అడిగిన ప్రశ్న, ఇన్నాళ్ళూ దాచడం. ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. అన్నం పెట్టింది. రెండు రోజులు అన్నం పెట్టింది, మందు ఇచ్చింది, "ఏవండీ" అని మాత్రం పిలవలేదు. మా గోదావరి వాళ్ళకి ఆ ఒక్క మాట లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు. మూడో రోజు పొద్దున్న మంచి చీర కట్టుకుని, "పదండి ఏలూరు" అంది.

సైటుకి వెళ్ళగానే ఆవిడ పైకి ఎక్కలేదు. కింద మీటర్ల గదిలోకి వెళ్ళి మా పనికిచ్చిన కరెంటు స్విచ్చి ఆపేసి, ఆ గది గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది. పైన మిషన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఒక్కొక్కరే దిగి వచ్చారు. ఇంజనీరుగారూ పరిగెత్తుకొచ్చారు.

ఆవిడ లేచి నమస్కారం పెట్టింది. "ఏవండీ ఇంజనీరుగారూ, మీరు కోప్పడకండి. మావాళ్ళు ఆరుగురూ ఆసుపత్రికెళ్ళి ఫొటో తీయించుకుని వత్తారండీ. వచ్చాక మీ ఇష్టం, కరెంటు వేసుకుందురుగాని. అందాకా నేనిక్కడే కూర్చుంటాను. మీకు పనేమైనా ఉంటే చూసుకోండి, నా గురించి ఇబ్బంది పడకండి."

ఇంత మర్యాదగా పని ఆపించడం ఇంజనీరుగారు ఎక్కడా చూసి ఉండరు. నా వంక చూశారు. నేను గోడ వంక చూశాను. యేసుబాబు ముందుకొచ్చి, "అక్కా, పరువు తీయకు, లే" అన్నాడు.

సువార్త ముఖం అప్పుడు మారింది. "మీ బావ ఊపిరాడక కూర్చుని నిద్రపోతుంటే వీపు రాసింది నేను. నీ వీపు రాయడానికి నీ పెళ్ళాం ఉందిలే అనుకుంటున్నావా? దానికి ఆ రాత నేను రాయనివ్వను. ఎక్కు ఆటో."

ఇంజనీరుగారు ఏమనుకున్నారో, "ఆటో ఎందుకండీ, ఆఫీసు బండి పంపుతాను" అన్నారు. యేసుబాబుతో సహా అందరూ డాక్టరమ్మ వచ్చే శుక్రవారానికి సరేనన్నాకే సువార్త స్టూలు మీంచి లేచింది.

అదే వారం, బల్ల మీద

ఆరుగురూ ఆదివారం చొక్కాలు వేసుకొచ్చారు. ఆసుపత్రి బల్ల మీద వరసగా కూర్చున్నారు. ఎంత తోముకున్నా చెవుల వెనక తెల్లటి నుసి ఉండనే ఉంది. మస్తాన్‌బీ గారు భర్తతో వచ్చి, అంతమందిని చూసి, "ఏంటి అన్నయ్యగారూ, పెళ్ళివారిలా దిగారు" అంది. అందరం నవ్వాం. తర్వాత చాలాసేపు ఎవరూ నవ్వలేదు.

డాక్టరమ్మగారు ఒక్కొక్కరినే పిలిచారు. మొదటి నలుగురికీ ఫొటోలో ఏమీ కనబడలేదు, ఏటా చూపించుకోమన్నారు. అయిదో మనిషికి అనుమానం ఉందని ఇంకో పరీక్ష రాశారు. చివరికి యేసుబాబు. వాడితో పాటు నన్నూ సువార్తనీ లోపలికి రమ్మన్నారు. అలా రమ్మనగానే తెలిసిపోయింది.

"మొదలైంది" అన్నారు డాక్టరమ్మగారు. "కొంచెమే. నుసి ఇప్పుడే పూర్తిగా మానేస్తే ఇక్కడితో ఆగవచ్చు. ఆగుతుందని మాట ఇవ్వలేను. మానకపోతే మాత్రం ఆగదు."

యేసుబాబు తెర మీద తన ఫొటో చూశాడు. "మా బావది ఎంతుంటదండీ, దీంతో పోలిస్తే?" అని అడిగాడు. ఆవిడ నా పాతది పక్కన పెట్టి చూపించారు. వాడు చాలాసేపు నాదే చూశాడు, తనది కాదు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. వాడు తిట్టకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పని సంగతి చెప్పి ముగిస్తాను. నీళ్ళు వచ్చే మిషన్లు వచ్చాయి, షాకు కొట్టబోతే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్చి పెట్టారు. కోత అంతా కింద బయట షెడ్డులోనే, మూసిన గదిలో కాదు. గీత చెరిగిపోతోందని మొదట గోల చేశారు. మైనపు పెన్సిలుతో గీయడం నేర్చుకున్నారు, చెరగదు. ముఖానికి అతుక్కునే మాస్కులు పెట్టుకుంటున్నారు, ఉక్కగా ఉంటుంది, అయినా పెట్టుకోవాల్సిందే. ఆరోగ్యం కాగితం మీద ఎవరి వాటాలో రాసినా, పీల్చేది మనమే. సంతకం పెట్టే ముందు చదవండి. డాక్టరు అడగకపోయినా మీరు చేసే పని ఏమిటో ముందు చెప్పండి. బెల్లం తినాలనిపిస్తే తినండి, మంచిదే, కానీ అది కడుపుకే.

క్రిస్మస్ అయ్యాక

యేసుబాబు సంగతి మా అత్తగారికి చెప్పాలి. ఫోనులో చెప్పే విషయం కాదు. ముగ్గురం కొల్లేటి ఒడ్డుకి బయలుదేరాం. దారి పొడుగునా ఎలా చెప్పాలో లోపల వల్లె వేసుకున్నాను. వీడి భారం మీదే అన్న మనిషికి, మీ అబ్బాయిని నేనే పాడుచేశాను అని చెప్పాలి.

మేం వెళ్ళేసరికి ఆవిడ పెరట్లో కొర్రమీనులు బాగుచేస్తోంది. చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. నేను చెప్పాను. మధ్యలో రెండుసార్లు దగ్గు వచ్చింది, ఆగి, పెదాలు ముడిచి ఊపిరి వదిలి, మళ్ళీ చెప్పాను. ఏదీ దాచలేదు. "అత్తయ్యగారూ, మీరు నన్నేమన్నా పడతాను" అన్నాను.

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఆ పని మానేత్తావా?"

"మానేత్తానమ్మా. టైల్సు కొట్టు ఒకటుంది, అమ్మకాల దగ్గర మనిషి కావాలన్నారు. కొలతలు తెలిసినోడు కావాలంట."

"మంచిది" అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"మరి మీరో?"

నాకు అర్థం కాలేదు. "నేనాండీ?"

"మీరు మానేశారా అని అడుగుతున్నాను. పొద్దున్నే టిఫిను కేరేజీ పట్టుకుని సైటుకి వెళ్తున్నారంట కదా. మా అమ్మాయి చెప్పింది."

"గీతలు గీయడానికేనండి. షెడ్డు పక్కనే ఉంటాను, దూరంగానే. అయినా నాదేముందండీ, నాకు వచ్చేసింది కదా. ఇక కొత్తగా పోయేదేముంది?"

ఆ మాట అంతకుముందు పైకి ఎవరితోనూ అనలేదు. ఎప్పటి నుంచి లోపల ఉందో కూడా నాకు తెలియదు. సువార్త చటుక్కున తల తిప్పుకుంది.

మా అత్తగారు లేచి దగ్గరికొచ్చింది. చేతుల నిండా చేపల వాసన. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను మీరనడం మానలేదు, ముట్టుకున్నదీ లేదు. అల్లుడికిచ్చే మర్యాద అది. ఆ రోజు నా తల మీద చెయ్యి వేసింది.

"వచ్చేసినోడికి ఊపిరి అక్కర్లేదా నాయనా? ఆ రోజు నా కొడుకు భారం నీకిచ్చాను సరే. నీ భారం ఎవరికిచ్చావు? ఎవరికీ ఇవ్వకుండా పారేత్తావా?"

నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఏడిస్తే ఆయాసం వస్తుంది, వచ్చింది. యేసుబాబు ఒక పక్క, సువార్త ఒక పక్క పట్టుకుని, ఊపిరి నెమ్మదిగా వదలండి, నెమ్మదిగా అంటున్నారు. ఆవిడ మాత్రం చెయ్యి తీయకుండా, జవాబు కోసం అలాగే నిలబడింది.

"ఆయ్, మానేత్తానండీ" అన్నాను.